ఆదివారం చికెన్: మందులకు లొంగని బ్యాక్టీరియా మీ వంటింట్లోకి రాకుండా ఏం చేయాలి?

"చికెన్ తింటే మనకి యాంటీబయాటిక్స్ పనిచేయవట, నిజమేనా?" ఆదివారం పొద్దున కొట్టు ముందు లైన్లో నిలబడి కూడా జనం ఈ మాట అనుకుంటున్నారు. తమ వంతు రాగానే "కిలో స్కిన్‌లెస్" అంటున్నారు. తప్పేం లేదు. బెజవాడలో అయినా గుంటూరులో అయినా వారానికి ఒక్కసారన్నా కోడి ఉడకని ఇల్లు తక్కువే. మానేయమని నేనూ చెప్పను. ఎక్కడ జాగ్రత్త పడితే లాభమో, ఎక్కడ పడేది ఉత్త హడావుడో చెప్తాను.

ముందు ఒక పుకారు పక్కన పెట్టేద్దాం. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో రెండు కిలోలు దాటడానికి కారణం హార్మోన్ ఇంజెక్షన్లు కాదు. దశాబ్దాల పాటు ఏరి ఏరి పెంచిన జాతి, లెక్క ప్రకారం కలిపిన దాణా. షెడ్డులో వేల కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని సూది వేస్తే రైతుకి కూలి డబ్బులు కూడా రావు.

అసలు గొడవ యాంటీబయాటిక్స్‌ది. షెడ్డులో నాలుగు కోళ్లకి జబ్బు కనిపిస్తే మందు అన్నిటికీ నీళ్లలో వెళ్తుంది. కొన్నిచోట్ల జబ్బు రాకముందే, బరువు బాగా రావాలని కూడా దాణాలో కొద్దికొద్దిగా కలుపుతూ వచ్చారు. ఆ కొద్ది మోతాదుకి బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది, మిగిలిందే పెరుగుతుంది. కోడి పేగుల్లో ఉండే ఈ-కోలై, సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ ఇలాగే మొండికేస్తాయి. పైగా మందుని తట్టుకునే జన్యువుని ఒక బ్యాక్టీరియా ఇంకో దానికి ఇచ్చేయగలదు. వేరే మందులేవీ పనిచేయనప్పుడు ఐసీయూలో ఆఖరుగా వాడే కొలిస్టిన్‌ని తట్టుకునే అలాంటి జన్యువు ఒకటి చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో దొరికిందని 2015లో బయటపడింది. అదే కొలిస్టిన్‌ని మన దగ్గర కోళ్ల దాణాలో వాడేవారు. కేంద్రం 2019 జులైలో కోళ్లకీ, పశువులకీ, చేపలు రొయ్యల చెరువులకీ దాన్ని నిషేధించింది. ఐరోపా దేశాలు బరువు కోసం యాంటీబయాటిక్స్ కలపడాన్ని 2006లోనే ఆపేశాయి.

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అవుతుంటాయి. ఒకటి, మాంసంలో మిగిలిపోయిన మందు. కోతకి కొన్ని రోజుల ముందు మందు ఆపకపోతే అది మిగులుతుంది. ఢిల్లీ ప్రాంతంలో 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ 70 చికెన్ శాంపిళ్లు పరీక్షిస్తే 40 శాతంలో మందు జాడ కనిపించింది. దాని విషయంలో వంటింట్లో మీరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఉడికించినా కొన్ని మందులు పూర్తిగా పోవు. ఆ పని ఫారం వాళ్లది, అధికారులది. రెండోది బ్రతికున్న బ్యాక్టీరియా. ఇది మాత్రం మీ చేతిలోనే ఉంది. ఎందుకంటే ఎంత మొండి బ్యాక్టీరియా అయినా మందుకే మొండి, మంటకి కాదు. మామూలు బ్యాక్టీరియా చచ్చే వేడికే ఇదీ చస్తుంది. కూరగిన్నెలో పడిన దానితో భయం లేదు. గిన్నెలో పడకుండా సింకు మీదో, కోసిన ఉల్లిపాయ ముక్కల మీదో, మీ ఫోను మీదో ఆగిపోయిందే, దానితోనే పేచీ.

కొట్టు దగ్గర

వీలైతే పొద్దున్నే వెళ్లండి. ఏడింటికి చింత మొద్దు ఎలా ఉంటుందో, పదకొండింటికి ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మళ్లీ చెప్పక్కర్లేదు. మొద్దు మధ్యలో కత్తి దెబ్బలకి గుంట పడి ఉంటుంది. ఆ గుంటలో రక్తం, నీళ్లు, నలిగిన ముక్కలు నిలుస్తాయి. పక్కన ఒక బకెట్టు. పేగులు తీసిన కోడిని అందులో ముంచి తీస్తారు. మీ కోడి కంటే ముందు ఎన్ని కోళ్లు ఆ నీళ్లలో మునిగాయో వాటి పేగుల్లోని సరుకంతా అందులోనే ఉంటుంది. ఇక భుజం మీది గుడ్డ. కత్తి తుడవడానికీ, చెయ్యి తుడవడానికీ, తక్కెడ తుడవడానికీ అదొక్కటే.

అడిగితే చేస్తారు, అడగడానికే మనకి మొహమాటం.

"అన్నా, బకెట్లో ముంచొద్దు. పంపు కింద ఒకసారి పట్టి కొట్టివ్వు."

"నెత్తురు కనిపిస్తే ఇంట్లో మేడం తిడతారు సార్."

"మేడమే చెప్పిందిలే, కొట్టు."

స్కిన్‌లెస్ తీసుకోవడం కొంత మేలు. ఈకలు పీకిన రంధ్రాల్లో, తోలు మడతల్లో బ్యాక్టీరియా ఎక్కువ దాక్కుంటుంది. లివర్, కందనకాయ వేరే కవర్లో కట్టమనండి. పేగు పగిలి పసుపుపచ్చగా అంటుకున్న ముక్క కనిపిస్తే తీసేయమనండి.

నాటుకోడి అయితే ఏ గొడవా ఉండదని ధైర్యంగా ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లున్నారు. రుచి కోసం పెట్టండి, కాదనను. కానీ నాటుకోడి పేగుల్లోనూ సాల్మొనెల్లా ఉంటుంది, అదీ అదే మొద్దు మీద, అదే కత్తితో తెగుతుంది. ప్యాకెట్ చికెన్ కొనేవాళ్లు దాని మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, ప్యాక్ చేసిన తేదీ చూసుకోండి. "యాంటీబయాటిక్ ఫ్రీ" అని రాసి ఉంటే మందు వాడలేదని అర్థం, బ్యాక్టీరియా లేదని కాదు. దాన్నీ పచ్చి మాంసంలాగే చూడాలి.

ఇంటికి తెచ్చేటప్పుడు రెండు కవర్లు వేయించండి. రైతుబజారు సంచిలో కొత్తిమీర, పుదీనా, టమాటాల మీద చికెన్ కవరు పడేసి తేవడం మన అలవాటు. కవరు కారితే ఆ నీళ్లు తాగేది పచ్చిగా తినే కొత్తిమీరే. బండికి రెండు హుక్కులున్నది అందుకే అనుకోండి. ఎండాకాలంలో చికెన్ తీసుకున్నాక ఇంక వేరే పనులు పెట్టుకోకండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. బయట 32 డిగ్రీలు దాటితే పచ్చి మాంసం గంటకి మించి ఫ్రిజ్ బయట ఉండకూడదు. మే నెల బెజవాడ సంగతి మీకు వేరే చెప్పాలా.

సింకు దగ్గర ఆగండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. చికెన్ కడగకండి.

తెలుసు, ఈ మాట వినగానే సగం మంది చదవడం ఆపేస్తారు. ఉప్పు, పసుపు వేసి మూడుసార్లు కడగని చికెన్‌ని మా ఇంట్లో కూడా మాంసంగా లెక్కపెట్టరు. అయినా అసలు ఏం జరుగుతుందో చూడండి. పంపు ధార ముక్క మీద పడగానే కంటికి కనిపించని తుంపరలు చుట్టూ లేస్తాయి. పక్కన ఆరబెట్టిన గ్లాసుల మీద, పళ్లెంలో పెట్టిన ఉల్లిపాయల మీద, మీ నైటీ మీద పడతాయి. అమెరికా వ్యవసాయ శాఖ 2019లో వెల్లడించిన అధ్యయనంలో, చికెన్ కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకుల్లో బ్యాక్టీరియా దొరికింది. మొత్తం కడిగినవాళ్లలో 26 శాతం మంది దాన్ని పక్కనే తయారు చేసుకుంటున్న సలాడ్ ఆకుల దాకా చేర్చారు. పసుపు, నిమ్మకాయ, ఉప్పు నీచు వాసన తగ్గిస్తాయి. అంతకు మించి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ముక్కలకి ఎముక పొడి, ఈక, గడ్డకట్టిన రక్తం అంటుకుంటే తడి టిష్యూతో తుడిచి, టిష్యూని చెత్తబుట్టలో వేయండి. అత్తగారు ఒప్పుకోకపోతే, కడగక తప్పకపోతే ఇలా చేయండి. ముందు సింకూ, సింకు పక్కా పూర్తిగా ఖాళీ చేయండి. లోతైన గిన్నెలో ముందే నీళ్లు పోసుకుని, ముక్కల్ని అందులోకి మెల్లగా జార్చి, చేత్తో కదిపి, నీళ్లని సింకు రంధ్రం దగ్గరగా వంచి పోయండి. పంపు మాత్రం ముక్కల మీద తిప్పొద్దు. అదే పని ఒక్కసారితో ముగించండి. తర్వాత సింకుని సబ్బుతో తోమి, మరిగిన నీళ్లు పోయండి. పీచుని కూడా మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయండి. సింకు తోమిన పీచుతోనే అలాగే గిన్నెలు కూడా తోమితే ఇంతసేపు చేసిందంతా వృథా.

ఎంత విచిత్రమో చూడండి. నిప్పు మీద పెట్టబోయే చికెన్‌ని మూడుసార్లు కడుగుతాం, పచ్చిగా చల్లుకునే కొత్తిమీరని ఒక్కసారి దులిపి వదిలేస్తాం. కోళ్ల ఎరువు పొలాల్లో వేస్తారు, దానితో పాటు ఈ బ్యాక్టీరియా కూడా మట్టిలోకి, ఆకుల మీదకి వస్తుంది. కొత్తిమీర, పుదీనా, పచ్చిగా తినే కీరా రెండుమూడు నీళ్లలో కడగండి. ఆ కడిగేదేదో చికెన్ కవరు విప్పకముందే కడగండి.

కోయడంలోనూ అదే వరస. ముందు ఉల్లిపాయ, నిమ్మకాయ, పెరుగు చట్నీలోకి వేసేవన్నీ కోసి, మూతపెట్టి పక్కన పెట్టేయండి. చివరన చికెన్. చికెన్ ఫ్రై పక్కన నంజుకునే ఉల్లి చక్రాలు, నిమ్మచెక్క మళ్లీ పొయ్యి ఎక్కవు కదా. కత్తిపీట వాడేవాళ్లు మాంసానికి వేరే కత్తి పెట్టుకుంటే మంచిది. కుదరకపోతే కూరగాయలయ్యాకే మాంసం, మాంసం అయ్యాక సబ్బు, వేడినీళ్లు.

ఇప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయో ఒక్క ఆదివారం గమనించండి. ముక్కలకి కారం పట్టిస్తారు. ఉప్పు తక్కువైందనిపించి అదే చేత్తో పోపుల డబ్బా మూత తీస్తారు, లోపలి స్పూను పట్టుకుంటారు. అల్లం వెల్లుల్లి ముద్ద కోసం ఫ్రిజ్ హ్యాండిల్ లాగుతారు. వీడియోలో వంట చూస్తుంటే ఫోను స్క్రీను తడతారు. గ్యాస్ నాబ్ తిప్పుతారు. మధ్యాహ్నం అంతా తిన్నాక ఆ ఫోనే పిల్లాడి చేతిలో ఉంటుంది. ఆ స్పూను సాయంత్రం పెరుగన్నం పోపులోకి వెళ్తుంది. దీనికి మందు చిన్నదే. చికెన్ కవరు విప్పకముందే ఉప్పు, కారం, పసుపు, గరం మసాలా, పెరుగు, అల్లం వెల్లుల్లి అన్నీ ఒక పళ్లెంలో కొలిచి పెట్టుకోండి. ముక్కలు కలపడం అయ్యాక మోచేత్తో పంపు తిప్పి, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి.

కలిపిన ముక్కలు నానేది ఫ్రిజ్‌లోనే, కింది అరలో, మూత ఉన్న స్టీలు డబ్బాలో. పెరుగూ కారమూ పట్టించినంత మాత్రాన బ్యాక్టీరియా చావదు. ఉప్పు సరిపోయిందో లేదో పచ్చి మసాలా నాలిక మీద వేసుకుని చూసే అలవాటుంటే మానుకోండి. ఒక్క ముక్క పెనం మీద వేయించి చూడండి. ఫ్రీజర్‌లో పెడితే బ్యాక్టీరియా నిద్రపోతుంది తప్ప చావదు. గడ్డకట్టిన చికెన్‌ని ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించండి. పొద్దున్నుంచీ గట్టు మీద వదిలేయొద్దు.

పొయ్యి మీద

ముక్క నడిమధ్యకి 74 డిగ్రీలు చేరాలి. గోంగూర చికెన్, పులుసు, కుక్కర్లో పెట్టే పలావ్ విషయంలో టెన్షన్ అక్కర్లేదు, అరగంట కుతకుత ఉడికితే ఆ వేడి ఎప్పుడో దాటేస్తుంది. అనుమానించాల్సినవి పెద్ద లెగ్ పీసులు, గ్రిల్, పచ్చి మాంసంతో దమ్ పెట్టే బిర్యానీ, ఎక్కువ మంట మీద వేయించే పకోడీ. పైన ఎర్రగా కరకరలాడుతుంది, ఎముక పక్కన పచ్చిగానే ఉంటుంది. రంగుని నమ్మొద్దు. బాగా ఉడికినా ఎముక దగ్గర ఎర్రగా ఉండొచ్చు, తెల్లబడ్డాక కూడా లోపల వేడి చాలకపోవచ్చు. ఇలాంటివి తరచూ చేసేవాళ్లు గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. లివర్ లోపల కూడా క్యాంపైలోబ్యాక్టర్ ఉండొచ్చు కాబట్టి దాన్ని మెత్తగా ఉండాలని ముందే దించేయకండి.

పచ్చి ముక్కల్ని తిప్పిన గరిటెతోనే చివర్లో వడ్డించకండి. పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలోనే వేయించినవి తీయకండి. మిగిలిన కూర రెండు గంటల్లోపు, ఎండాకాలంలో ఇంకా ముందే, ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. రాత్రంతా పొయ్యి మీదే ఉన్నదాన్ని పొద్దున మరిగించినా, కొన్ని బ్యాక్టీరియాలు విడిచిన విషం మరుగుకి పోదు.

బయట తినేటప్పుడు ఒక్కటే చూడండి. సాయంత్రం చికెన్ పకోడీ బండి దగ్గర పచ్చి ముక్కలు నూనెలో వేసిన చెయ్యే ఉల్లిపాయలు చల్లుతోందా? అలా అయితే "ఉల్లిపాయ వద్దు బాబాయ్" అనండి. మరిగే నూనెలోంచి వచ్చిన పకోడీ కంటే ఆ ఉల్లిపాయే అనుమానం.

కడుపు పాడైతే

ఇంత జాగ్రత్త పడ్డా ఎప్పుడో ఒకసారి విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు చేసే పని మీదే మొండి బ్యాక్టీరియా భవిష్యత్తు సగం ఆధారపడి ఉంటుంది. సందు చివర మెడికల్ షాపుకి వెళ్లి "మోషన్స్‌కి ఏదన్నా ఇవ్వన్నా" అంటే చేతిలో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు పడతాయి. నాలుగు మాత్రలు, రెండు రోజులు. ఎక్కువ శాతం విరేచనాలకి యాంటీబయాటిక్ అవసరమే లేదు. మామూలు సాల్మొనెల్లా విరేచనాలకి వాడితే ఆ బ్యాక్టీరియా ఒంట్లో ఇంకా ఎక్కువ రోజులు ఉండిపోవచ్చు. కోడి ఫారంలో దాణాతో జరిగిందే అప్పుడు మీ పేగుల్లోనూ జరుగుతుంది.

లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. చిన్నపిల్లలకి జింక్ ఎన్ని రోజులు వేయాలో డాక్టర్ చెప్తారు. మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, మూత్రం రాకపోవడం, పిల్లలు మగతగా పడి ఉండటం, మూడు రోజులైనా తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, ముసలివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు అంతవరకూ కూడా ఆగొద్దు.

మూత్రంలో మంట మాటిమాటికీ వచ్చే ఆడవాళ్లు ఇంకో పని చేయాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఎక్కువసార్లు కారణం ఈ-కోలైయే. పాత చీటీ చూపించి పాత మాత్రలే కొనకుండా, మొదటి మాత్ర మింగకముందే యూరిన్ కల్చర్, అంటే మూత్రంలోని బ్యాక్టీరియా మీద ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష, చేయించమని డాక్టర్‌ని అడగండి. రిపోర్టులో మందు పేరు పక్కన ఎస్ ఉంటే పనిచేస్తుంది, ఆర్ ఉంటే చేయదు. ఆ రిపోర్టు ఫొటో ఫోనులో ఉంచుకోండి, తర్వాతి డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా అమ్మకూడదు, మీరూ అడగకూడదు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఇదంతా కోళ్ల వల్లేనని కాదు. ఆసుపత్రులు, మెడికల్ షాపులు, మురుగు అన్నీ కలిసి చేసినది.

పెరట్లో కోళ్లు పెంచేవాళ్లకి

గుంటూరు పల్లెల్లో కోడి ముక్కుతూ మూలుగుతూ కనిపిస్తే టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలపడం మామూలే. కొక్కెర తెగులైనా, బర్డ్ ఫ్లూ అయినా వైరస్ వల్ల వచ్చేవి. యాంటీబయాటిక్ వాటి మీద చిల్లిగవ్వ పనిచేయదు. కొక్కెర తెగులుకి టీకా ఉంది, పశువుల ఆసుపత్రిలో అడిగి వేళకి వేయించండి. జబ్బు చేస్తే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదంటే దగ్గరి పశువైద్యుడికి చూపించండి. గన్నవరం వెటర్నరీ కాలేజీ బెజవాడ వాళ్లకి దూరమేమీ కాదు. డాక్టర్ మందు రాస్తే, ఆపాక ఎన్ని రోజులకి కోయొచ్చో, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అప్పుడే అడిగి గోడ మీది క్యాలెండర్‌లో రాసుకోండి. ఒకేసారి రెండు మూడు కోళ్లు చచ్చిపోతే వాటిని కోసి వండకండి, కాలవలో పడేయకండి. పశువైద్యుడికి కబురు చేసి, ఆయన చెప్పాక లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి.